ఒక సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసిన పాటను మరో సాఫ్ట్‌వేర్‌లోకి చేర్చడం ఎలా

గాత్రం ఒకచోట, వాద్యాలు ఇంకోచోట, మిక్సింగ్ మరెక్కడో జరగడం ఇప్పుడు మామూలైపోయింది. ఒకరి దగ్గర మాక్ ఉంటుంది, ఇంకొకరి దగ్గర విండోస్. ఒకరికి లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ అలవాటు, ఇంకొకరికి క్యూబేస్ లేదా రీపర్. రికార్డింగ్ ముగియగానే చాలామంది ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇచ్చేస్తారు. ఇద్దరి దగ్గరా ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే వెర్షన్, ఒకే ప్లగిన్లు (ఎఫెక్టుల కోసం, వాద్యాల కోసం విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నప్పుడు అది సరిపోతుంది. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా అవతలివారికి తెరుచుకోని ఫైలో, సగం ట్రాకులు మూగబోయిన సెషనో దక్కుతుంది.

ప్రాజెక్ట్ ఫైలులో సాధారణంగా శబ్దం ఉండదన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ ఇబ్బంది ఎందుకు వస్తుందో తెలిసిపోతుంది. ఏ ఆడియో ఫైలులోని ఏ ముక్క ఎన్నో సెకనులో మొదలవ్వాలి, ఎక్కడ ఫేడ్ అవ్వాలి, ఏ ప్లగిన్ గుండా వెళ్ళాలి అన్న పట్టిక మాత్రమే అందులో ఉంటుంది; ఆ పట్టికను ప్రతి సాఫ్ట్‌వేరూ తన సొంత లిపిలో రాసుకుంటుంది కనుక మిగతావాటికి అది అర్థం కాదు. వేవ్ ఫైలు మాత్రం అందరికీ అర్థమవుతుంది. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి తెచ్చిన ఈ ఫార్మాట్‌ను చదవలేని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నాకు ఇంతవరకు తారసపడలేదు. అందుచేత పట్టికను తర్జుమా చేయబోకుండా, ఆ పట్టిక ప్రకారం వినిపించే శబ్దాన్నే ట్రాకుకొక వేవ్ ఫైలుగా రాసి పంపాలి. అన్ని ఫైళ్ళూ ఒకే క్షణం నుంచి మొదలవ్వాలి, అన్నింటి శాంపిల్ రేటూ (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి రాస్తున్నామన్న లెక్క) ఒకటే కావాలి. పద్ధతి మొత్తం ఇంతే. ఇది ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో, అప్పుడేం చేయాలో వివరించడానికే మిగతా వ్యాసం.

శాంపిల్ రేటు, బిట్ డెప్త్

ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టే ముందు అవతలివారిని అడగవలసిన తొలి ప్రశ్న వారి సెషన్ ఏ శాంపిల్ రేటులో ఉందన్నది. సంగీతానికి 44,100, వీడియోతో ముడిపడిన పనులకు 48,000 ఎక్కువగా కనిపిస్తాయి. 88,200, 96,000 వాడేవారూ ఉన్నారు. ఏది మేలన్న చర్చకన్నా ఇద్దరి దగ్గరా ఒకటే ఉందా అన్నది ముఖ్యం.

ఒకసారి నాకు వచ్చిన గాత్రం ఫైళ్ళు 48,000లో ఉన్నాయి. నా సెషన్ 44,100లో తెరిచి ఉంది. ఇంపోర్ట్ చేస్తున్నప్పుడు రేటు మార్చమంటారా అని సాఫ్ట్‌వేర్ అడిగిన ప్రశ్నను సరిగా చదవకుండానే వద్దని నొక్కేశాను. గాయని గొంతు బరువుగా, కాస్త నిద్రమత్తులో ఉన్నట్టుగా వినిపించింది. వాద్యాలేవీ ఇంకా చేరని విడి గాత్రం కావడంతో పోల్చి చూసుకోవడానికి పక్కన ఏమీ లేకపోయింది. ఆ రోజు ఆమెకు జలుబు చేసిందేమో అనుకుని గంటసేపు ఈక్వలైజర్‌తో కుస్తీ పట్టాను. తీరా చూస్తే, సెకనుకు 48,000 చొప్పున రాసిన శాంపిళ్ళను నా కంప్యూటర్ సెకనుకు 44,100 చొప్పున చదువుతోంది. వేగం సుమారు 92 శాతానికి తగ్గింది, నాలుగు నిమిషాల పాట 4 నిమిషాల 21 సెకన్లకు సాగింది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ కిందికి జారింది. ఎదురు దిశలో జరిగితే పాట పరుగులు పెడుతూ సన్నని గొంతుతో వినిపిస్తుంది, కాబట్టి దాన్ని ఎవరైనా వెంటనే పట్టేస్తారు. కిందికి జారినప్పుడే మోసపోతాం.

రికార్డింగ్ ఏ రేటులో జరిగిందో ఆ రేటులోనే పంపడం ఉత్తమం. మార్పు తప్పనిసరైతే ఒక్కరే, ఒక్కసారే మార్చాలి; పంపేవారు ఒకసారి, అందుకునేవారు ఇంకోసారి మార్చడంలో ప్రయోజనమేమీ లేదు. 44,100లో రికార్డు చేసినదాన్ని 96,000కు పెంచి పంపినంత మాత్రాన అందులో లేని వివరం పుట్టుకురాదు, ఫైలు బరువు మాత్రం రెట్టింపుకు మించుతుంది.

బిట్ డెప్త్, అంటే ఒక్కో శాంపిల్‌ను ఎన్ని బిట్లలో రాస్తామన్నది, ఇంత ప్రమాదకరం కాదు. 16 బిట్లలో సుమారు 96 డెసిబెళ్ళ పరిధి, 24 బిట్లలో సుమారు 144 డెసిబెళ్ళ పరిధి లభిస్తుంది. మైకు నుంచి నేరుగా వచ్చిన రికార్డింగులకు 24 బిట్లు చాలు. ఎఫెక్టులతో కలిపి రెండర్ చేస్తున్న ట్రాకుల్లో శిఖరాలు సున్నా డెసిబెళ్ళను (డిజిటల్ శబ్దపు గరిష్ఠ హద్దును) దాటే అవకాశం ఉంటే 32 బిట్ ఫ్లోట్ ఎంచుకోవాలి. సున్నా దాటిన భాగం అందులో తెగిపోదు, అవతలివారు ఫేడర్ తగ్గించుకుంటే యథాతథంగా తిరిగి వస్తుంది. డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నని రొద) అన్నది 16 బిట్లకు దించేటప్పుడే అవసరం, కాబట్టి 24 బిట్ సెషన్‌ను 24 బిట్లలోనే పంపేటప్పుడు దాన్ని ఆపేయవచ్చు. నార్మలైజ్ అనే ఆప్షన్‌ను మాత్రం ఎప్పుడూ ఆపే ఉంచాలి. అది ఒక్కో ట్రాకును విడివిడిగా గరిష్ఠ స్థాయికి లేపుతుంది. వెనక సన్నగా వినిపించవలసిన తంబుర, ముందుండవలసిన గాత్రం ఒకే ఎత్తుకు చేరి, మీరు కష్టపడి కుదిర్చిన పొందిక అంతా పోతుంది.

ఫైళ్ళు ఎంత జాగా తీసుకుంటాయో ముందే లెక్క వేసుకోవచ్చు. 24 బిట్లు, 48,000 రేటులో ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.64 మెగాబైట్లు. ఐదు నిమిషాల పాటలో ఇలాంటివి ఇరవై ఉంటే 864 మెగాబైట్లు.

అన్ని ఫైళ్ళకూ ఒకే సున్నా

ఈ పనిలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి, అందుకే దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఒక పాటలో కోరస్ గొంతు 2 నిమిషాల 37 సెకన్ల దగ్గర మొదలై 11 సెకన్లు మాత్రమే వినిపిస్తుందనుకోండి. ఆ ముక్కను ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ చేస్తే 11 సెకన్ల ఫైలు వస్తుంది. దాన్ని అందుకున్నవారు తమ సెషన్‌లో మొదట్లో పెడితే పల్లవికి ముందే కోరస్ పలుకుతుంది. ఎక్కడ పెట్టాలో ఆ ఫైలుకూ తెలియదు, వారికీ తెలియదు. ఇక చెవితో వెతికి అతికించాల్సిందే. ఒక ముక్కైతే చేయవచ్చు గానీ, పాటంతా పరుచుకున్న ముప్పై ముక్కలైతే ఒక రాత్రి గడిచిపోతుంది, అయినా పది మిల్లీసెకన్ల తేడా ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, అదే కోరస్ ఫైలు ముందు 2 నిమిషాల 37 సెకన్ల నిశ్శబ్దాన్ని కూడా మోసుకుని రావాలి. అలా ప్రతి ట్రాకూ సెషన్ మొదటి బిందువు నుంచి మొదలై ఏకబిగిన పాట చివరి దాకా సాగితే, అవతలివారు అన్ని ఫైళ్ళనూ ఒకేసారి లాగి మొదటి బార్ (తాళం లెక్కలోని ఒక గడి) దగ్గర వదిలితే చాలు, అన్నీ తమ తమ చోట్లలో కూర్చుంటాయి. నిశ్శబ్దం వృథాగా జాగా తింటుందని కొందరు బాధపడుతుంటారు. జిప్ చేసినప్పుడు ఆ నిశ్శబ్దం దాదాపు మాయమైపోతుంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. పాట మొదటి బార్‌కు ముందే గాయకుడు తీసిన ఊపిరి, ఎత్తుగడలోని సగం మాట ఉండవచ్చు. సరిగ్గా మొదటి బార్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేస్తే అవి తెగిపోతాయి. అందుకని సెషన్ మొత్తాన్ని ముందే రెండు బార్లు కుడివైపు జరిపి పని మొదలుపెట్టడం మంచి అలవాటు. చివర్లోనూ అంతే: ఆఖరి స్వరం తరువాత రివర్బ్ పూర్తిగా చల్లారేందుకు అయిదారు సెకన్లు అదనంగా వదలాలి.

అమరిక తప్పలేదని రుజువు చేసే గుర్తు ఒకటి ఉంటే మరీ మంచిది. ప్రతి ట్రాకు మొదట్లోనూ ఒకే స్థానంలో ఒక చిన్న టిక్కు శబ్దాన్ని అతికించి ఎక్స్‌పోర్ట్ చేస్తే, అవతలివారు బాగా దగ్గరకు జూమ్ చేసి ఆ టిక్కులన్నీ ఒకే నిలువు గీత మీద ఉన్నాయో లేదో చూసుకుంటారు. సినిమా పనిలో చిత్రం మొదలవడానికి సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేము పాటు 1,000 హెర్ట్జ్ బీప్ పెట్టే ఆనవాయితీ ఇందుకే పుట్టింది.

యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1997లో ప్రవేశపెట్టిన బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫార్మాట్‌లో, అర్ధరాత్రి నుంచి లెక్కించి ఎన్నో శాంపిల్ దగ్గర ఈ రికార్డింగ్ మొదలైందో ఫైలులోనే రాసి ఉంటుంది. ప్రో టూల్స్, రీపర్ వంటివి ఆ ముద్రను చదివి ముక్కను దాని అసలు చోటులో పెట్టగలవు. దీన్ని రెండో భరోసాగా వాడుకోవచ్చు తప్ప దీని మీదే ఆధారపడటాన్ని నేను సమర్థించను, ఎందుకంటే ఆ సంఖ్య శాంపిళ్ళలో ఉంటుంది కనుక రేటు మారినప్పుడు అర్థం మారిపోవచ్చు. పైగా ఆ ముద్రను పట్టించుకోని సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి.

ఎంపీ3గా మార్చి పంపడం నాణ్యత తగ్గుతుందన్న ఒక్క కారణంతోనే తప్పు కాదు. ఎంపీ3 తయారీలో ఫైలు మొదట్లో కొంత నిశ్శబ్దం తప్పక చేరుతుంది. అది సాధారణంగా వెయ్యి శాంపిళ్ళకు పైనే, అంటే 20 మిల్లీసెకన్లకు మించి ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరిచేటప్పుడు దాన్ని కోసేస్తాయి, కొన్ని వదిలేస్తాయి. వేవ్ ట్రాకుల పక్కన ఎంపీ3 ట్రాకు పెడితే మృదంగం దెబ్బకూ క్లిక్‌కూ మధ్య సందు రావడానికి ఇదే మూలం.

ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ దొరుకుతుంది

లాజిక్ ప్రోలో ఫైల్ మెనూ కింద ఎక్స్‌పోర్ట్‌లో అన్ని ట్రాకులనూ ఆడియో ఫైళ్ళుగా రాసే ఆదేశం ఉంది. ఎఫెక్టులను పక్కన పెట్టాలా, వాల్యూమ్, పాన్ (ఎడమ-కుడి స్థానం) ఆటోమేషన్‌ను, అంటే పాట సాగుతుండగా వాటంతటవే జరిగే మార్పులను, కలపాలా అని అక్కడే అడుగుతుంది. క్యూబేస్‌లో ఎడమ, కుడి లొకేటర్లను పాట హద్దుల్లో పెట్టి, ఆడియో మిక్స్‌డౌన్ ఎక్స్‌పోర్ట్‌లో అనేక చానెళ్ళను ఒకేసారి ఎంచుకోవచ్చు. రీపర్‌లో రెండర్ కిటికీలో ఎంచుకున్న ట్రాకుల స్టెమ్స్ (విడిగా రాసిన ఫైళ్ళు), మొత్తం ప్రాజెక్ట్ అన్న రెండు ఎంపికలూ చేయాలి. ఏబుల్టన్ లైవ్‌లో అన్ని విడి ట్రాకులు అన్న ఎంపిక, ఎఫ్ఎల్ స్టూడియోలో మిక్సర్ ట్రాకులను విడదీసే ఎంపిక ఇదే పని చేస్తాయి. ప్రో టూల్స్‌లో సెషన్ మొదటి నుంచి చివరి దాకా ఎంచుకుని కన్సాలిడేట్ చేస్తే ట్రాకుకొక పొడవైన ఫైలు తయారవుతుంది, అయితే అందులో ప్లగిన్లు, ఫేడర్ ఆటోమేషన్ కలవవు. అవి కూడా కావాలంటే ట్రాకులను బౌన్స్ చేయాలి, అంటే వాటన్నింటితో కలిపి కొత్త ఫైలుగా రాయించాలి.

గ్యారేజ్‌బ్యాండ్‌లో ఇలాంటి మూకుమ్మడి ఏర్పాటు లేదు, ఒక్కో ట్రాకును సోలో చేసి విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. సెట్టింగుల్లో ఉండే ఆటో నార్మలైజ్‌ను ముందే తీసేయడం మరవకూడదు. లాజిక్ ఉన్నవారికి పంపుతుంటే మాత్రం ఈ శ్రమంతా అక్కర్లేదు, గ్యారేజ్‌బ్యాండ్ ప్రాజెక్టును లాజిక్ నేరుగా తెరుస్తుంది. ఆడాసిటీ 2021లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి ప్రాజెక్టును శబ్దంతో సహా ఒకే ఫైలులో దాస్తుంది. అంతకుముందు ఒక చిన్న ఫైలు, దాని పక్కన డేటా ఫోల్డర్ ఉండేవి, చాలామంది చిన్న ఫైలును మాత్రమే పంపి ఫోల్డర్‌ను మరిచిపోయేవారు.

ఎఫెక్టులతోనా, లేకుండానా

మిక్సింగ్‌కు పంపుతుంటే పొడి ట్రాకులే (ఎఫెక్టులు లేనివే) పంపాలని సామాన్య సూత్రం. కానీ శబ్ద స్వభావమే ఎఫెక్టు వల్ల ఏర్పడిన చోట, ఉదాహరణకు యాంప్ సిమ్యులేటర్ గుండా వచ్చిన గిటారుకు, పొడి ఫైలు ఒకటి, తడి ఫైలు ఒకటి రెండూ ఇవ్వాలి. మీ దగ్గరున్న ప్లగిన్ అవతల ఉంటుందని ఎన్నడూ అనుకోకూడదు. మాక్‌కు చెందిన ఆడియో యూనిట్ రకం ప్లగిన్లు విండోస్‌లో పనిచేయవు, ప్రో టూల్స్ తన ఏఏఎక్స్ రకాన్ని మాత్రమే తీసుకుంటుంది, విఎస్‌టి3 రెండు వ్యవస్థల్లో ఉన్నా ఆ ప్లగిన్ లైసెన్సు అవతలివారికి ఉండాలి కదా. సాఫ్ట్‌వేర్ వాద్యాలన్నింటినీ ఆడియోగా మార్చి పంపడం ఇందుకే తప్పనిసరి.

గ్రూపు మీద కంప్రెసర్ (పెద్ద శబ్దాలను అణిచే ఎఫెక్టు) ఉన్నప్పుడు ఒక సూక్ష్మం ఉంది. ఆరు డ్రమ్ ట్రాకులు కలిసి ఒకే కంప్రెసర్‌లోకి వెళ్తున్నప్పుడు కిక్ దెబ్బ పడ్డ ప్రతిసారీ సింబల్ శబ్దం కూడా కాస్త అణుగుతుంది. అదే కంప్రెసర్ గుండా ఆరింటినీ విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేస్తే సింబల్‌కు కిక్ సంగతి తెలియదు, కాబట్టి ఆరు ఫైళ్ళనూ తిరిగి కలిపినా మొదట విన్న శబ్దం రాదు. ఆ ధ్వనే కావాలంటే గ్రూపు మొత్తాన్ని ఒక స్టీరియో స్టెమ్‌గా, దానితోపాటు విడి ట్రాకులను పొడిగా పంపాలి. మాస్టర్ మీది లిమిటర్‌కూ ఇదే వర్తిస్తుంది. విడి ట్రాకులు తీసేటప్పుడు దాన్ని ఆపేయాలి.

మోనోగా రికార్డయిన గాత్రాన్ని స్టీరియోగా ఎక్స్‌పోర్ట్ చేయడం వల్ల ఫైలు రెట్టింపవుతుంది, పైగా పాన్ లా (మధ్యలో ఉంచిన శబ్దాన్ని ఎంత తగ్గించాలన్న నియమం) తేడాల వల్ల మట్టం కూడా మారవచ్చు. మధ్యలో ఉంచిన మోనో ట్రాకును ఒక సాఫ్ట్‌వేర్ మూడు డెసిబెళ్ళు, ఇంకొకటి నాలుగున్నర డెసిబెళ్ళు తగ్గిస్తుంది, మరొకటి అసలు తగ్గించదు. కాబట్టి మోనోను మోనోగానే పంపి, మీరు పాన్ ఎక్కడ పెట్టారో రాసి ఇవ్వండి.

టెంపో, మిడీ

ఆడియో ఫైళ్ళు సరిగా కూర్చున్నా అవతలివారి సెషన్‌లోని బార్ గీతలు మీ పాటతో కలవాలంటే టెంపో కచ్చితంగా తెలియాలి. మీ టెంపో నిమిషానికి 92.5 బీట్లు అయి ఉండగా 92 అని చెప్పారనుకుందాం. నాలుగు నిమిషాలు గడిచేసరికి గీతలు సుమారు 1.3 సెకన్లు పక్కకు జరుగుతాయి. పాటలో టెంపో మారుతూ ఉంటే అంకె చెప్పి లాభం లేదు, మిడీ ఫైలు (శబ్దం కాక స్వరాల, టెంపోల సూచనలు మాత్రమే ఉండేది) ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసి జతచేయాలి. టైప్ 1 మిడీ ఫైలులో ట్రాకులు విడివిడిగా ఉంటాయి, టెంపో మార్పులూ అందులోకి చేరుతాయి. మిడీ స్వరాలు ఒక అష్టకం పక్కకు జరిగినట్టు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు: 60వ నంబరు స్వరాన్ని కొన్ని సాఫ్ట్‌వేర్లు సి3 అని, కొన్ని సి4 అని పిలుస్తాయి, లోపలి నంబరు అదే.

పేర్లు

ఆడియో 1, ఆడియో 1 కాపీ, కొత్తది, ఫైనల్ కొత్తది అన్న పేర్లతో వచ్చే ఫోల్డర్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ముందు రెండంకెల వరుస సంఖ్య, ఆపైన వాద్యం పేరు, చివర మోనోనో స్టీరియోనో. ఇంతకుమించి అవసరం లేదు. వరుస సంఖ్యకు ముందు సున్నా ఉంచకపోతే 10వ ట్రాకు 2వ ట్రాకుకు ముందు వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం, కొటేషన్ గుర్తు, నిలువు గీత, ఏటవాలు గీతలు, చిన్నది పెద్దది గుర్తులు విండోస్ ఫైలు పేర్లలో చెల్లవు. మాక్‌లో అవి చాలావరకు చెల్లుతాయి కనుక పంపేవారికి ఆ సంగతి తెలియదు. తెలుగు లిపిలో పేరు పెట్టడం మనకు ముచ్చటగానే ఉంటుంది గానీ ఇక్కడొక గుంట ఉంది. ‘పై గొంతు’ అన్న పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగా రాయడం ఒకటి, ఎత్వాన్నీ దాని కింద చేరే ఐ గుర్తునూ రెండుగా విడదీసి రాయడం మరొకటి. పాత మాక్ డిస్కు ఫార్మాట్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ విడదీసిన రూపాన్నే భద్రపరుస్తుంది. కంటికి రెండు పేర్లూ అచ్చంగా ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు. అప్పుడు ఫోల్డర్‌లో ఎదురుగా కనిపిస్తున్న ఫైలునే సెషన్ కనబడటం లేదని చెబుతుంది. ఫైలు పేర్లను ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌లకు పరిమితం చేసి, తెలుగులో చెప్పదలచుకున్నదంతా వివరాల పత్రంలో రాసుకోవడం క్షేమం.

డిస్కు ఫార్మాట్, నాలుగు గిగాబైట్ల గోడ

విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును మాక్ చదవగలదు, అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా దానిమీద రాయలేదు. మాక్ ఏపీఎఫ్‌ఎస్ డిస్కును విండోస్ అసలు చదవదు, చదవకపోగా ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు అవునని నొక్కి పని పోగొట్టుకున్నవారు ఉన్నారు. రెండింటి మధ్య తిరిగే డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకుంటే రెండూ చదువుతాయి, రాస్తాయి, 2019లో వచ్చిన 5.4 కెర్నెల్ నుంచి లినక్స్‌లోనూ పనిచేస్తుంది. అయితే ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ (చేయబోయే మార్పులను ముందే నమోదు చేసుకునే చిట్టా) లేదు. డిస్కును ఇజెక్ట్ చేయకుండా లాగేస్తే రాస్తున్న ఫైళ్ళు పాడయ్యే ప్రమాదం ఎక్కువ, కనుక దాన్ని రవాణాకే వాడాలి గానీ నేరుగా దానిమీద రికార్డింగ్ చేయకూడదు.

పాత ఫ్యాట్32 పెన్ డ్రైవ్ నాలుగు గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును తీసుకోదు. వేవ్ ఫార్మాట్‌కు కూడా అదే హద్దు ఉంది, ఎందుకంటే ఫైలు పరిమాణాన్ని రాసుకునే గడి 32 బిట్లది. 24 బిట్లు, 48,000 రేటులో స్టీరియో ఫైలు సుమారు 4 గంటల 8 నిమిషాలకు ఆ గోడను తాకుతుంది. పాటకు ఇది ఎన్నడూ అడ్డు కాదు. కానీ కచేరీని 16 చానెళ్ళతో ఒకే ఫైలులోకి రికార్డు చేస్తే 31 నిమిషాలకే నిండిపోతుంది. రికార్డర్ అక్కడ కొత్త ఫైలు మొదలుపెడుతుంది, లేదా ఆర్‌ఎఫ్64 అనే విస్తరించిన రూపంలో రాస్తుంది. రెండోదాన్ని అవతలి సాఫ్ట్‌వేర్ చదువుతుందో లేదో ముందే అడగాలి.

మాక్ నుంచి ఎక్స్‌ఫ్యాట్ డిస్కుకు కాపీ చేసినప్పుడు ప్రతి ఫైలుకూ ఒక నీడ ఫైలు కూడా పుడుతుంది. దాని పేరు ముందు ఒక చుక్క, ఒక అండర్‌స్కోర్ ఉంటాయి, ఆపైన అసలు పేరే ఉంటుంది. పరిమాణం నాలుగు కిలోబైట్ల చుట్టూ. మాక్‌లో అవి కనబడవు. విండోస్‌లో ఇరవై ట్రాకులున్న చోట నలభై కనిపిస్తాయి, అందులో సగం తెరుచుకోవు. ఫైళ్ళు పాడైపోయాయని ఫోన్ చేసేముందు పరిమాణం చూడండి. చిన్నవన్నీ తీసేసినా నష్టం లేదు.

నెట్టు మీద పంపేటప్పుడు

మెసేజింగ్ యాప్‌లలో ఆడియోగా పంపితే చాలావరకు అవి దాన్ని మళ్ళీ కుదించేస్తాయి. డాక్యుమెంట్‌గా పంపితే బైట్లు మారవు. అన్నింటికన్నా సులువు, ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేసి క్లౌడ్‌లో పెట్టడం. జిప్‌లో ప్రతి ఫైలుకూ ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది కాబట్టి దారిలో ఒక్క బిట్టు మారినా విప్పేటప్పుడు తెలిసిపోతుంది. నెట్టు నిదానంగా ఉంటే ఫ్లాక్ వాడవచ్చు. శబ్దంలో ఏమీ పోగొట్టకుండా పరిమాణాన్ని చాలాసార్లు సగం చుట్టుపక్కలకు తెస్తుంది. అయితే ఫ్లాక్ పూర్ణసంఖ్యలనే దాస్తుంది, 32 బిట్ ఫ్లోట్ ఫైళ్ళకు పనికిరాదు.

ఏఏఎఫ్, ఓఎంఎఫ్, డాప్రాజెక్ట్

ఎడిట్‌లన్నీ ముక్కలుగానే అవతలికి చేరాలంటే, ముఖ్యంగా వీడియో ఎడిటర్ దగ్గర నుంచి సౌండ్ ఎడిటర్‌కు డైలాగులు వెళ్ళేటప్పుడు, ఏఏఎఫ్ అనే మార్పిడి ఫార్మాట్ వాడతారు. ముక్కల స్థానాలు, ఫేడ్‌లు, కొంతవరకు వాల్యూమ్ వెళ్తాయి, ప్లగిన్లు వెళ్ళవు. దీనికి ముందు తరమైన ఓఎంఎఫ్‌కు రెండు గిగాబైట్ల హద్దు ఉంది, ఇప్పుడు దాన్ని ఎంచుకోవడానికి కారణం కనబడదు. ప్రో టూల్స్, లాజిక్, క్యూబేస్, స్టూడియో వన్ ఏఏఎఫ్‌ను చదువుతాయి. రీపర్, ఏబుల్టన్ లైవ్ సొంతంగా చదవవు. 2023లో బిట్‌విగ్, ప్రీసోనస్ కలిసి డాప్రాజెక్ట్ అనే బహిరంగ ఫార్మాట్‌ను తెచ్చాయి. మిడీ, ఆటోమేషన్, ప్లగిన్ స్థితులు కూడా అందులో ప్రయాణిస్తాయి, క్యూబేస్ 14 కూడా దాన్ని స్వీకరించింది. ఇవి ఏవి పంపినా, వాటి పక్కన వేవ్ ఫైళ్ళ ఫోల్డర్‌ను కూడా ఉంచడం నా పద్ధతి.

పంపేముందు, అందుకున్నాక

పంపేవారు తమ కంప్యూటర్‌లోనే ఒక ఖాళీ సెషన్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ అయిన ఫైళ్ళన్నింటినీ అందులోకి లాగి మొదటి నుంచి చివరిదాకా వినాలి. ఐదు నిమిషాల పాటకు ఐదు నిమిషాలే పడుతుంది. మ్యూట్‌లో మరిచిపోయిన ట్రాకు, సోలోలో ఉండిపోయిన ట్రాకు, చివర్లో తెగిన రివర్బ్ అన్నీ ఇక్కడే దొరుకుతాయి. చెవిని నమ్మలేకపోతే పొడి ట్రాకులకు ఇంకో పరీక్ష ఉంది: ఫేడర్‌ను సున్నా దగ్గర, పాన్‌ను మధ్యలో ఉంచి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును అసలు ట్రాకు పక్కన పెట్టి, ఒకదాని పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండింటినీ కలిపి వినండి. రెండూ ఒకటే అయితే నిశ్శబ్దం వస్తుంది. సన్నగా ఏదైనా వినిపిస్తే మట్టంలోనో, సమయంలోనో తేడా ఉన్నట్టు.

ఫైళ్ళతోపాటు ఒక చిన్న పత్రం వెళ్ళాలి. శాంపిల్ రేటు, బిట్ డెప్త్, టెంపో, శ్రుతి, ట్రాకుల సంఖ్య అందులో ఉండాలి. వాటితోపాటు మీకు నచ్చిన పొందికతో చేసిన కచ్చా మిక్స్ ఒకటి స్టీరియో ఫైలుగా ఉండాలి. అందుకున్నవారికి తాము తెరిచినది సరైనదేనా అని పోల్చి చూసుకోవడానికి ఆ కచ్చా మిక్స్‌ను మించిన ఆధారం లేదు.

అందుకునేవారు ముందు ఖాళీ సెషన్‌ను చెప్పిన రేటులో, చెప్పిన టెంపోలో తయారుచేసి, ఆ తరువాతే ఫైళ్ళను లాగాలి. ఫైళ్ళను సెషన్ ఫోల్డర్‌లోకి కాపీ చేసే ఎంపికను తప్పక పెట్టాలి, లేకపోతే పెన్ డ్రైవ్ తీసేయగానే ట్రాకులు మాయమవుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు పొడవైన ఫైలు రాగానే దాని టెంపోను తామే ఊహించి సాగదీస్తాయి. ఏబుల్టన్ లైవ్‌లో పొడవైన శాంపిళ్ళను తనంతట తానే వార్ప్ చేసే (టెంపోకు తగ్గట్టు సాగదీసే) సెట్టింగును ముందే ఆపాలి, మిగతావాటిలో టెంపోను అనుసరించు అన్న అర్థం వచ్చే ఎంపికలు వెతికి తీసేయాలి. తరువాత మొదటి టిక్కులు ఒకే గీత మీద ఉన్నాయా, పాట చివరి దెబ్బ కచ్చా మిక్స్‌లోని చివరి దెబ్బతో కలుస్తోందా అని రెండుచోట్లా చూడాలి. మొదట్లో కలిసి చివర్లో కలవకపోతే శాంపిల్ రేటునో వార్పింగ్‌నో అనుమానించాలి; మొదటి నుంచీ ఒకే దూరం ఉంటే మొదలు పెట్టిన చోటు తప్పిందన్నమాట.

తిరుగు ప్రయాణానికీ ఇవే నియమాలు. గాత్రానికి శ్రుతి సరిదిద్దమని ఒక్క ట్రాకును పంపినా, సరిదిద్దిన ఫైలు అదే టిక్కుతో, అదే పొడవుతో, అదే రేటులో రావాలని ముందే రాసి పెట్టండి. అది రాగానే పాత ట్రాకు కింద కొత్త ట్రాకుగా ఉంచి, రెండు టిక్కులనూ జూమ్ చేసి పోల్చి, కలిశాక మాత్రమే పాతదాన్ని మ్యూట్ చేయండి. మిక్స్ చేతికి వచ్చేదాకా దాన్ని డిలీట్ చేయవద్దు.